నెట్ ఎక్కడ ఆగింది? కార్యాలయం గోడల లోపలి ఫైర్‌వాల్, ప్రాక్సీ చిక్కులు

అనంతపురం జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైనది మొదలు, పడమటి కనుమల వర్షచ్ఛాయలో చిక్కుకొని ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన చూసే ఈ పీఠభూమిలో, కరువు పని చేసిన కూలీకి డబ్బు అందడానికి గడ్డపార, తట్టలతో పాటు కంప్యూటరు కూడా అవసరమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పథకం లెక్కలను టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ మీద నడిపింది. మస్టరు (కూలీల హాజరు పట్టీ) నమోదు మొదలుకొని చెల్లింపు ఉత్తర్వు దాకా సమస్తమూ మండల కేంద్రంలోని కంప్యూటర్ల గుండానే సాగేది. తరువాతి కాలంలో పింఛను, పంట బీమా, రేషను, 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయాల సేవలు కూడా ఆ దారినే పట్టాయి. దారి మధ్యలో తెగినప్పుడు మాత్రం కౌంటరు వెనకనుండి వచ్చే జవాబు ఎక్కడైనా ఒక్కటే: “సర్వర్ డౌన్ ఉందమ్మా, రేపు రండి.”

ఆ జవాబు నిజమయ్యే రోజులూ ఉంటాయి. కానీ చాలాసార్లు సర్వర్ తన చోట తాను నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది, పక్క మండలంలో అదే సైట్ తెరుచుకుంటూనే ఉంటుంది; ఆగిపోయినది ఆ ఒక్క కార్యాలయం నాలుగు గోడల లోపల, ఫైర్‌వాల్ పట్టికలోని ఏదో ఒక వరుసలోనో ప్రాక్సీ పెట్టెలో రాసిన ఏదో ఒక అంకెలోనో ఉంటుంది. నెట్‌వర్క్ ఆగడంలో మూడు తీరులున్నాయి: అడిగిన వెంటనే నిరాకరణ రావడం, ఎంతసేపు చూసినా ఏ జవాబూ రాకపోవడం, అడిగినచోటు నుండి కాక మరొకచోటు నుండి జవాబు రావడం. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి సర్వర్ మీదికి నెట్టివేయడం వల్లనే మరమ్మతు ఆలస్యమవుతుందనీ, వేరుచేసి చూడగలిగితే పెద్ద చదువు అక్కరలేకుండానే లోపం ఏ గదిలో ఉన్నదో చెప్పవచ్చుననీ ఈ వ్యాసం ప్రతిపాదన.

ఒక కార్యాలయంలోనో పాఠశాలలోనో నెట్ సెంటర్‌లోనో ఉన్న కంప్యూటర్లు, ప్రింటర్లు, వేలిముద్ర యంత్రాలు, కెమెరాలు ఒకే స్విచ్‌కో ఒకే వైఫై పెట్టెకో కలిసి ఉంటే దానిని స్థానిక నెట్‌వర్క్ అంటారు. అందులోని ప్రతి పరికరానికీ ఐపీ చిరునామా అనే ఒక సంఖ్య ఉంటుంది. 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఒక అంతర్జాతీయ ప్రమాణపత్రం మూడు సంఖ్యాశ్రేణులను ఇటువంటి లోపలి వాడకానికి కేటాయించగా, వాటిలో 192.168తో మొదలయ్యేది అందరికీ పరిచయమైనది. అందుకే ధర్మవరంలోని పట్టుచీరల దుకాణంలోనూ హైదరాబాదులోని బ్యాంకు శాఖలోనూ ఒకే సంఖ్య కనిపించినా తగాదా రాదు. ఆ సంఖ్యలు గోడ దాటి పోవు; బయటికి ఏదైనా పంపవలసివచ్చినప్పుడు రూటర్ అనే పరికరం వాటి స్థానంలో తన బయటి చిరునామాను పెట్టి పంపి, వచ్చిన జవాబును అడిగిన కంప్యూటరుకు చేరుస్తుంది. పంపే సమాచారం ప్యాకెట్లనే చిన్న చిన్న మూటలుగా విడిపోయి సాగుతుంది. ప్రతి మూట మీదా ఎక్కడినుండి ఎక్కడికి అన్నదే కాక, ఏ పోర్టుకు అన్నది కూడా రాసి ఉంటుంది. పోర్టు అంటే ఒక చిరునామాలో ఒక్కో పనికి కేటాయించిన ద్వారం సంఖ్య: భద్రమైన వెబ్ పేజీలకు 443, సైట్ పేరు చెబితే దాని ఐపీ సంఖ్య చెప్పే డీఎన్‌ఎస్ సేవకు 53, విండోస్ కంప్యూటర్ల మధ్య ఫైళ్ల పంపకానికి 445.

ఫైర్‌వాల్ ఈ మూటల మీది రాతను చదివి, పోనివ్వాలా ఆపాలా అని తేల్చే కాపలా. 1988 నవంబర్‌లో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాము అప్పటి ఇంటర్నెట్‌లోని వేలాది యంత్రాలను కుంటుపరచిన తరువాత ఇటువంటి కాపలా అవసరం అందరి ఎరుకలోకి వచ్చింది. 2001లో వచ్చిన లినక్స్ 2.4తో ఐపీటేబుల్స్ అనే ఉచిత ఫైర్‌వాల్ పనిముట్టు అందరికీ అందింది. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో మామూలు కంప్యూటరులో కూడా ఫైర్‌వాల్ అడగకుండానే పనిచేయడం మొదలుపెట్టింది. కాబట్టి నేడు ఒక కార్యాలయంలో ఫైర్‌వాల్ ఒకటే ఉంటుందనుకోవడం పొరపాటు: బయటి తీగ వచ్చి చేరేచోట ఒకటి, ప్రతి కంప్యూటరులోనూ ఒకటి, యాంటీవైరస్ వేసి ఉంటే దానిదొకటి. చెరువు కింది ఆయకట్టులో ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలన్నది నీరుగట్టి వంతుల వరుసను బట్టి తేల్చినట్లే, గేటు దగ్గరి ఫైర్‌వాల్ తన నియమాల పట్టికను పైనుండి కిందికి ఒక్కొక్కటిగా చదువుతూ వచ్చి, వచ్చిన మూటకు తొలుత సరిపోయిన నియమం దగ్గరే ఆగి, ఆ నియమం చెప్పినట్లు వదలడమో ఆపడమో చేస్తుంది. దాని కింద ఎన్ని నియమాలున్నా వాటి వంక చూడదు. విండోస్‌లోని ఫైర్‌వాల్‌కు ఈ వరుస పట్టదు. అక్కడ ఒక మూటకు వదలమనే నియమం, ఆపమనే నియమం రెండూ సరిపోతే సాధారణంగా ఆపమన్నదే నెగ్గుతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల పోయే గంటలకు లెక్కలేదు.

ప్రాక్సీ పని వేరు. అది కంప్యూటరు తరఫున బయటికి వెళ్లి, అడిగినది తెచ్చి ఇచ్చే మధ్యవర్తి. బ్రౌజర్ నేరుగా సైట్‌కు పోకుండా “ఫలానా పేజీ కావాలి” అని ప్రాక్సీకి చెబుతుంది. సైట్‌కు కనిపించేది ప్రాక్సీ మాత్రమే. 1996లో వెలువడిన స్క్విడ్ అనే ఉచిత ప్రాక్సీ, ఇంటర్నెట్ తీగ సన్నగా, వాడేవారు మెండుగా ఉన్న రోజుల్లో, ఒకరు తెరిచిన పేజీ నకలును దాచి తరువాతివారికి లోపలినుండే ఇచ్చి బయటి భారాన్ని తగ్గించేది. ఆ కాలంలో ఇంజినీరింగ్ కళాశాలల్లో చదివినవారిలో చాలామందికి బ్రౌజర్ సెట్టింగులలో ఒక ఐపీ సంఖ్య, దాని పక్కన 3128 అనో 8080 అనో పోర్టు రాసుకోవడం గుర్తుండే ఉంటుంది. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఐసీటీ విద్యా మిషన్, 2010లో ఆమోదం పొందిన జాతీయ జ్ఞాన నెట్‌వర్క్ విశ్వవిద్యాలయాలకు సెకనుకు ఒక గిగాబిట్ స్థాయి తీగలు తెచ్చాక ఆ సన్నదనం తగ్గింది. పేజీలన్నీ గుప్తలిపిలోకి మారిపోయి ప్రాక్సీకి లోపలి సరుకు కనిపించకపోవడంతో నకలు దాచే పని కూడా చాలావరకు చెల్లిపోయింది. అయినా ఎవరు ఏ సైట్‌కు పోవచ్చు, ఎవరు ఎప్పుడు పోయారు అన్న అదుపు కోసం ప్రాక్సీలు కార్యాలయాల్లో, కళాశాలల్లో నిలిచే ఉన్నాయి.

మరమ్మతుకు దిగేవారు మొదట ముట్టుకోవలసినది కీబోర్డును కాదు. ఒక్క కంప్యూటరులోనే రావడం లేదా అన్నిటిలోనా, ఒక్క సైటేనా అన్నీనా, ఎప్పటినుండి, ఆ ముందు ఏం మారింది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే వెతకవలసిన మేర సగానికి పైగా తగ్గుతుంది. అన్ని కంప్యూటర్లలో అన్ని సైట్లూ ఆగితే తీగను, రూటర్‌ను చూడాలి. అన్నిటిలో ఒకే సైట్ ఆగితే గేటు దగ్గరి ఫైర్‌వాల్‌నో, ప్రాక్సీనో, నిజంగానే అవతలి సర్వర్‌నో అనుమానించాలి. ఒక్క కంప్యూటరులోనే ఆగితే మొదట చూడవలసినది ఆ కంప్యూటరు సెట్టింగులనే. సెల్‌ఫోన్‌లోని డేటా మీద అదే సైట్‌ను తెరిచి చూస్తే సర్వర్ డౌన్ అన్న మాటలోని నిజం చాలావరకు అక్కడికక్కడే తేలిపోతుంది. చాలావరకు అనడం ఎందుకంటే, రాష్ట్ర ప్రభుత్వపు లోపలి నెట్‌వర్క్‌లోనుండి మాత్రమే తెరుచుకునే సైట్లు కొన్ని ఉంటాయి. అవి సెల్‌ఫోన్‌లో రాకపోవడం సహజమే.

తరువాతి మెట్టు కంప్యూటరుకు ఉన్న ఐపీ సంఖ్యను చూడడం. అది 169.254తో మొదలైతే రూటర్ దానికి చిరునామా ఇవ్వలేదని, కంప్యూటరు తనంతట తానే ఒక సంఖ్య పెట్టుకుందని అర్థం; ఆ స్థితిలో ఫైర్‌వాల్ నియమాలు తిరగేయడం వృథా. సంఖ్య సరిగా ఉంటే, పింగ్ అనే చిన్న పరీక్షతో రూటర్‌ను, దాని అవతల ఒక బయటి సంఖ్యను పలకరించి చూడవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పింగ్ ప్రాక్సీ గుండా పోదు, పైగా చాలా ఫైర్‌వాల్‌లు దానిని కావాలనే ఆపుతాయి. అందువల్ల ప్రాక్సీ ఉన్నచోట బయటి పింగ్‌కు జవాబు రాకపోయినా వెబ్ నిక్షేపంగా నడుస్తుండవచ్చు. పేరుకు సంఖ్య వెతికే పనిని కూడా అటువంటిచోట ప్రాక్సీయే చేస్తుంది కాబట్టి, కంప్యూటరులో డీఎన్‌ఎస్ పరీక్ష విఫలమైనంత మాత్రాన డీఎన్‌ఎస్ చెడిందని తీర్పు చెప్పకూడదు.

ప్రాక్సీ లేనిచోట నిజంగా పనికివచ్చే పరీక్ష పోర్టును పలకరించేది. విండోస్‌లోని పవర్‌షెల్‌లో టెస్ట్‌-నెట్‌కనెక్షన్ అనే ఆదేశానికి సైట్ పేరు, 443 అన్న పోర్టు సంఖ్య ఇస్తే ఆ ద్వారం తెరిచి ఉందో లేదో అది చెబుతుంది. నిరాకరణ చటుక్కున వస్తే, మూట అవతలి యంత్రందాకా చేరిందని, అక్కడ ఆ పోర్టు దగ్గర వినే ప్రోగ్రాము లేదని, లేదా దారిలోని ఫైర్‌వాల్ మర్యాదగా “కుదరదు” అని తిప్పి పంపిందని అర్థం. ఇరవై సెకన్లు గడిచినా ఏ ఉలుకూ లేక చివరికి సమయం మించిందన్న సందేశం వస్తే, దారిలో ఎవరో మూటను తీసి చెప్పాపెట్టకుండా పారవేస్తున్నారని గట్టిగా అనుమానించవచ్చు. ఫైర్‌వాల్ నియమాలలో తిప్పి పంపడం, పారవేయడం రెండు వేర్వేరు ఆజ్ఞలు. బయటివారికి ఏ సమాచారమూ ఇవ్వకూడదన్న ఉద్దేశంతో చాలామంది రెండోదాన్నే ఎంచుకుంటారు. బయటినుండి వచ్చే అపరిచితుల విషయంలో అది సబబే కానీ, లోపలి సిబ్బంది కంప్యూటర్ల విషయంలో కూడా అదే పాటించడం వల్ల ప్రతి చిన్న తప్పూ ఇరవై సెకన్ల మౌనంగా మారి, సైట్ మెల్లగా ఉందన్న అపోహను పుట్టిస్తుంది. లోపలివారికి తిప్పి పంపే ఆజ్ఞ, బయటివారికి పారవేసే ఆజ్ఞ పెట్టుకోవడమే మేలు.

మూడో తీరు, తప్పుచోటు నుండి వచ్చే జవాబు, ప్రాక్సీకి ప్రత్యేకమైనది. తెరపై 407 అన్న అంకె కనిపిస్తే ప్రాక్సీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతోందని అర్థం. పాస్‌వర్డ్ గడువు తీరిన మరునాడు ఉదయం ఇది వస్తుంది. 403 వస్తే ఎవరో వద్దన్నారు, 504 వస్తే మధ్యవర్తి బయటికి పోయి జవాబు కోసం ఎదురుచూసి విసిగిపోయింది. ఆ వద్దన్నది సైటా ప్రాక్సీయా అన్నది తేల్చుకోవడానికి పేజీని చివరిదాకా చదవాలి: స్క్విడ్ చూపే తప్పు పేజీల అడుగున, ఆ పేజీని ఏ తేదీన, ఏ సమయానికి, ఏ పేరుగల యంత్రం తయారుచేసిందో సన్నని అక్షరాలలో ఒక వరుస ఉంటుంది. ఆ వరుసలో కార్యాలయంలోని యంత్రం పేరే ఉంటే అవతలి సర్వర్‌ను తిట్టుకోవలసిన పని లేదు. ఫోటో తీసి పంపేవారు తరచుగా ఆ అడుగు వరుసనే వదిలేసి పైన పెద్ద అక్షరాలను పంపుతారు.

ప్రాక్సీ చిక్కులలో ఎక్కువ భాగం, ఒకే కంప్యూటరులో ఒక్కో ప్రోగ్రాము ఒక్కో సెట్టింగును చదవడం వల్ల పుడతాయి. క్రోమ్ విండోస్ సెట్టింగులను చూస్తుంది. ఫైర్‌ఫాక్స్‌కు తనదంటూ వేరే పేజీ ఉంది. విండోస్ వెనక నడిచే సేవలు విన్‌హెచ్‌టీటీపీ అనే మరో పద్దును చూస్తాయి. జావాలో రాసిన పాత అప్లికేషన్లు ఇంకొకచోట చూస్తాయి. అందుకే బ్రౌజర్‌లో అన్నీ వస్తున్నా యాంటీవైరస్ తాజా కాకపోవడం, వేలిముద్ర పరికరపు ప్రోగ్రాము సర్వర్‌ను అందుకోలేకపోవడం వింతేమీ కాదు. ఇంటికి తీసుకుపోయిన ల్యాప్‌టాప్‌లో ఏదీ తెరుచుకోకపోతే కార్యాలయపు ప్రాక్సీ సంఖ్య అందులో మిగిలిపోయిందేమో చూడాలి. ప్రాక్సీ చిరునామా 127.0.0.1 అని ఉంటే కంప్యూటరు తననే తాను మధ్యవర్తిగా పెట్టుకున్నదని అర్థం. ఏదో ప్రోగ్రామో, ఒక్కోసారి వైరసో అలా రాసిపెట్టి, ఆ తరువాత అది తొలగిపోయినా రాత మాత్రం మిగిలిపోతుంది. ఇక కొన్నిచోట్ల సంఖ్యకు బదులు ప్యాక్ ఫైలు అనే చిన్న జావాస్క్రిప్ట్ రాతను ఇస్తారు. ఏ సైట్‌కు ప్రాక్సీ గుండా పోవాలి, దేనికి నేరుగా పోవాలి అని అది చెబుతుంది. ఆ ఫైలున్న యంత్రం ఆగిపోతే బ్రౌజర్లు సాధారణంగా నోరెత్తకుండా నేరుగా పోవడం మొదలుపెడతాయి, నేరుగా పోయేవారిని ఫైర్‌వాల్ పారవేస్తుంది, చూసేవారికి ఫైర్‌వాల్ చెడినట్లు కనిపిస్తుంది.

ఈ పీఠభూమిలో ఎక్కువ నష్టం చేయగలిగిన చిక్కు ఒకటి డిజిటల్ సంతకం చుట్టూ ఉంది. ఉపాధి హామీ చట్టం మస్టరు ముగిసిన పదిహేను రోజులలోగా కూలి చెల్లించాలని గడువు పెట్టి, 16వ రోజు నుండి రోజుకు 0.05 శాతం చొప్పున ఆలస్య పరిహారాన్ని నిర్దేశించింది. డబ్బు కదలాలంటే నిధుల బదిలీ ఉత్తర్వు మీద అధికారులు యూఎస్‌బీ టోకెన్‌తో డిజిటల్ సంతకం చేయాలి. సంతకం తాళం ఆ టోకెన్‌లోనే ఉంటుంది, వెబ్ పేజీ దానిని నేరుగా తాకలేదు; అందుకని ఇటువంటి చాలా ఏర్పాట్లలో కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రామును స్థాపిస్తారు, పేజీ ఆ ప్రోగ్రామును 127.0.0.1 అనే సొంత చిరునామాలోని ఒక పోర్టు దగ్గర పలకరిస్తుంది. ఇప్పటి బ్రౌజర్లు ఆ చిరునామాను ప్రాక్సీకి పంపకుండా తమలోనే ఉంచుకుంటాయి. అయితే కొన్ని సంతకపు ప్రోగ్రాములు భద్రతా ధ్రువపత్రం కుదరడం కోసం ఆ సంఖ్యకు మారుపేరుగా మామూలు సైట్ పేరులా కనిపించే పేరును వాడతాయి. ఆ పేరు వెనక ఉన్నది తన కంప్యూటరేనని బ్రౌజర్ గుర్తుపట్టదు, తెలిసిన అలవాటు ప్రకారం ప్రాక్సీకి పంపుతుంది, ప్రాక్సీ ఆ పేరును తనకు అన్వయించుకొని తనలో వెతికి, అక్కడ ఏ టోకెనూ లేక చేతులెత్తేస్తుంది. టోకెన్ పెట్టి ఉంది, దాని దీపం వెలుగుతోంది, పాస్‌వర్డ్ సరైనదే, అయినా సంతకం పడదు. ప్రాక్సీ సెట్టింగుల పేజీ అడుగున మినహాయింపుల పెట్టె ఒకటుంటుంది. అందులో ఆ మారుపేరును, దానితోపాటు 192.168తో మొదలయ్యే లోపలి చిరునామాలను రాస్తే చిక్కు వీడుతుంది. ఒక్క వరుస రాతకు నోచుకోక వందల మంది కూలి ఉత్తర్వులు తెర మీద నిలిచిపోగలగడం ఈ ఏర్పాటులోని అసలైన బలహీనత.

ఫైర్‌వాల్ పట్టికలోని తప్పు కంటికి కనిపించేలా ఒక ఉదాహరణను దగ్గరగా చూడవచ్చు. ఒక కార్యాలయంలో మొదటి నియమం సిబ్బంది కంప్యూటర్లను 443కు పోనిస్తుంది, రెండోది లోపలి చిరునామాలు అన్నిటినుండీ బయటికి పోయే మిగతా రద్దీనంతా ఆపుతుంది, మూడోది కొత్తగా గోడకు బిగించిన హాజరు యంత్రాన్ని, అంటే 192.168.1.60ని, దాని సర్వర్‌లోని 5005 పోర్టుకు పోనిమ్మంటుంది. రాసినవారు మూడో నియమాన్ని నిజాయతీగానే రాశారు, తెర మీద అది పచ్చగానే కనిపిస్తుంది; కానీ ఆ యంత్రం పంపే మూట రెండో నియమం దగ్గరే ఆగిపోతుంది. దీనిని ఊహతో కాక సాక్ష్యంతో పట్టుకోవచ్చు: ఐపీటేబుల్స్ పట్టికను వివరంగా చూపమని అడిగితే ప్రతి నియమం పక్కన ఇప్పటివరకు దానికి ఎన్ని మూటలు సరిపోయాయో అంకె కనిపిస్తుంది, అమ్మకపు ఫైర్‌వాల్‌లలో కూడా ఆ లెక్క ఏదో ఒక మూల ఉంటుంది. హాజరు యంత్రం గంటసేపు ప్రయత్నించినా మూడో నియమం పక్కన సున్నాయే ఉంటే, దాని చోటు రెండో నియమానికి పైన అని తేలిపోయినట్లే. కొత్త నియమాన్ని అలవాటుగా పట్టిక చివర చేర్చే పద్ధతి ఉన్నంతకాలం ఈ తప్పు మళ్లీమళ్లీ జరుగుతుంది.

నియమం సరైన చోట ఉండి, నిన్నటిదాకా పనిచేసి, ఎవరూ ముట్టుకోకుండానే ఈ ఉదయం ఆగిపోయే సందర్భాలూ ఉంటాయి. పెద్ద సైట్లు తమ ఐపీ సంఖ్యలను మారుస్తూ ఉంటాయి కాబట్టి సంఖ్యను బట్టి రాసిన నియమం ఏదో ఒకనాడు చెల్లకుండా పోతుంది. రెండు కంపెనీల కనెక్షన్లు పెట్టుకున్నచోట మూట ఒక తీగన పోయి జవాబు మరో తీగన వస్తే, మొదలైన సంభాషణలను గుర్తుపెట్టుకొని వాటి జవాబులనే లోపలికి రానిచ్చే ఫైర్‌వాల్, తాను ఎన్నడూ చూడని సంభాషణకు జవాబు వచ్చిందని దానిని పారవేస్తుంది. ఒకటి తెగినా మరొకటి ఉంటుందని పెట్టుకున్న రెండో కనెక్షనే ఇక్కడ చిక్కుకు మూలం.

కరెంటు కోత ఈ విద్యలో ఒక పూర్తి అధ్యాయం. వేసవిలో కరెంటు పోయి వచ్చిన తరువాత మాత్రమే బయటపడే లోపాలు మూడున్నాయి. మొదటిది, ఐపీటేబుల్స్ నియమాలు యంత్రం జ్ఞాపకంలో మాత్రమే ఉంటాయి, ప్రత్యేకంగా భద్రపరచకపోతే యంత్రం ఆగి తిరిగి లేచినప్పుడు మాయమవుతాయి. ఆరు నెలల కిందట ఎవరో సరిచేసిన చిక్కు ఒక ఈదురుగాలి రాత్రి తరువాత తిరిగివచ్చినప్పుడు, అప్పుడు చేసినదేమిటో చెప్పగలవారు ఉండరు. రెండోది, రూటర్ తిరిగి లేచి చిరునామాలను కొత్తగా పంచినప్పుడు, ప్రింటరుకు ఉన్న సంఖ్య కంప్యూటరుకు, కంప్యూటరుకు ఉన్న సంఖ్య హాజరు యంత్రానికి పోవచ్చు. నియమం పాత సంఖ్యనే నమ్ముకొని తప్పు పరికరాన్ని పోనిచ్చి సరైనదాన్ని ఆపుతుంది. నియమాలున్న పరికరాలకు రూటర్‌లోనే సంఖ్యను ఖాయం చేసి పెట్టడం దీనికి మందు. మూడోది మరీ అల్పమైనది. పాత కంప్యూటరు లోపల సీమాస్ బ్యాటరీ అనే రూపాయి బిళ్లంత సెల్ అయిపోతే, కరెంటు పోగానే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సైట్ల భద్రతా ధ్రువపత్రాలకు అమలు తేదీలుంటాయి కాబట్టి, ఆ కంప్యూటరు దృష్టిలో అవన్నీ ఇంకా అమలులోకే రాలేదు. ఒక్కటంటే ఒక్క భద్రమైన సైట్ కూడా తెరుచుకోదు. తెర మీద భద్రతా హెచ్చరిక చూసి ఫైర్‌వాల్‌ను, ప్రాక్సీని తిరగేసేముందు కింద కుడిమూలన ఉన్న తేదీని చూస్తే సరిపోతుంది.

అన్నీ విఫలమైనప్పుడు చేతికి దొరికే ఉపాయం ఫైర్‌వాల్‌ను ఆపివేయడం. పరీక్ష కోసం ఒక్క కంప్యూటరులో రెండు నిమిషాలు ఆపి చూడడంలో తప్పులేదు, అది ఒక సాక్ష్యాన్ని ఇస్తుంది. ఆపగానే పని జరిగింది కదా అని అలాగే వదిలేయడం మాత్రం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు. 2017 మే 12న ప్రపంచమంతటా విరుచుకుపడిన వాన్నక్రై అనే వసూలు వైరస్ స్థానిక నెట్‌వర్క్‌లలో 445 పోర్టు గుండానే ఒక కంప్యూటరు నుండి మరొకదానికి పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మరమ్మతును అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. ఆ మరమ్మతు అందని యంత్రాన్ని ఆ రోజున కాపాడగలిగినది, అడగనివారికి 445ను మూసివుంచిన లోపలి ఫైర్‌వాలే. గేటు దగ్గర గట్టి కాపలా ఉంటే లోపల అక్కరలేదన్న వాదానికి ఆ వారంతో కాలం చెల్లింది. ఫైర్‌వాల్‌ను ఆపకుండానే తీరే చిక్కులూ ఉంటాయి: విండోస్ కొత్త నెట్‌వర్క్‌ను చూడగానే దానిని పబ్లిక్‌గా పరిగణించి ఫైళ్ల, ప్రింటర్ల పంపకాన్ని మూసివేస్తుంది. రూటర్ మార్చిన మరునాడు ప్రింటరు పలకకపోవడానికి తరచుగా కారణం ఇదే. దానికి చేయవలసినది ఆ నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా మార్చడం ఒక్కటే.

సాక్ష్యం కోసం చూడవలసిన మరోచోటు లాగ్. లాగ్ అంటే ఫైర్‌వాల్, ప్రాక్సీ తమ దగ్గరికి వచ్చిన ప్రతి విన్నపాన్నీ, దానిపై తమ తీర్పునూ సమయంతో సహా రాసుకునే దినచర్య పుస్తకం. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాలు ఈ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, యంత్రాల గడియారాలను జాతీయ కాలమానంతో సరిచూసుకోవాలని చెప్పాయి. నేరపరిశోధన కోసం పుట్టిన ఆదేశమైనా మరమ్మతుకు కూడా ఇదే ప్రాణం: పది గంటల పదిహేను నిమిషాలకు సంతకం పడలేదని ఒకరు చెబితే, గడియారాలు సరిగా ఉన్నచోట ఆ నిమిషపు వరుసలను చూసి ఏ నియమం ఆపిందో చెప్పవచ్చు, గడియారాలు కలవనిచోట లాగ్ ఉండీ లేనట్లే.

పట్టికను శుభ్రం చేయడం చివరి పని, అందరూ వాయిదా వేసే పని కూడా. తాత్కాలికం అన్న పేరుతో చేరిన నియమాలకు మన కార్యాలయాల్లో ఉన్న ఆయుర్దాయం పర్మనెంటు ఉద్యోగాలకు కూడా ఉండదు. ప్రతి నియమం పక్కనా ఎవరి కోసం, ఏ తేదీన, ఎందుకు చేర్చారో రాసుకునే గడి చాలా ఫైర్‌వాల్‌లలో ఉన్నా అది ఖాళీగానే ఉంటుంది. పెట్టెను బిగించి పాస్‌వర్డ్ తనతో తీసుకుపోయిన కాంట్రాక్టరు ఫోన్ ఎత్తకపోతే ఆ గడి కూడా చదవడానికి వీలుండదు. లెక్క సున్నా ఉన్న నియమాలను తొలగించడం తేలికైన దారిలా కనిపిస్తుంది కానీ, కార్యాలయపు పనులకు ఋతువులుంటాయి. పింఛన్లకు సంబంధించిన దారి నెల మొదటి తేదీలలోనే నడుస్తుంది, పంట బీమా నమోదు దారి ఖరీఫ్‌లో కొన్ని వారాలు తప్ప ఏడాదంతా మూగగా ఉంటుంది. కాబట్టి అనుమానం ఉన్న నియమాన్ని చెరిపివేయకుండా నిలిపివుంచి, నిలిపిన తేదీని దాని పక్కనే రాసి, వేరుశనగ రైతు బీమాకు వచ్చే కాలం ఒకసారి గడిచేదాకా ఆగిన తరువాతే దానిని తీసివేయాలి.